వైరస్ వచ్చిపోవడం వేరు, తిష్ట వేయడం వేరు

(పళవేర్కాడులో కార్మిక కుటుంబాల ఆరోగ్య సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగం పాఠం)



బోనస్ గురించి, కరువు భత్యం గురించి, పనిభారం గురించి మాట్లాడుకోవడానికి మనం చాలాసార్లు కలిశాం. ఇవాళ నోటి గురించి మాట్లాడుకోవడానికి కలిశాం. గేటు ముందు నినాదం ఇచ్చేది ఈ నోరే. ఇంటికి పోయి గంజి తాగేదీ ఈ నోరే. దానికి జబ్బు చేస్తే రెండూ పోతాయి.

ఈ సభ ఎందుకు పెట్టవలసి వచ్చిందో ముందే చెబుతాం. మనలో ఒకాయనకు మెడలో బిళ్ల కట్టింది. నొప్పి లేదు కదా అని మూడు నెలలు ఊరుకున్నాడు. గొంతు గరగర ఉన్నా దూది దుమ్మే అనుకున్నాడు. చివరికి ఆసుపత్రికి పోతే టాన్సిల్ దగ్గర క్యాన్సర్ అన్నారు. ముక్క తీసి పరీక్ష చేసి, హెచ్.పి.వి. అనే వైరస్ కూడా ఉందన్నారు. ఆ వైరస్ ఎలా వస్తుందో ఎవరో సగం సగం చెప్పారు. మిగిలిన సగం వీధి కల్పించుకుంది. ఆయనతో కలిసి టీ తాగడం మానేశారు. ఆయన భార్యను నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆ అవమానం భరించలేక ఆయన చికిత్సకు పోకుండా ఇంట్లో కూర్చున్నాడు. మనం పోయి, పక్కన కూర్చుని, నచ్చజెప్పి తీసుకుపోవలసి వచ్చింది. జబ్బు కంటే ముందు మాటలు మనిషిని చంపేటట్టున్నాయి. అందుకే ఈ సంగతి నిండుగా తెలుసుకుందాం.

ఈ ఊళ్లోనే ఎందుకు అనవచ్చు. మన పెద్దవాళ్లు ప్రళయకావేరి అని పిలిచిన ఈ ఊరికి డచ్చివాళ్లు వచ్చింది బట్ట కోసం. 1613 నాటికి ఇక్కడ గెల్డ్రియా కోట లేచింది. ఇక్కడి చుట్టుపక్కల నేసిన బట్ట ఓడలెక్కి దేశదేశాలకు పోయింది. పళయకాట్ లుంగీ అని ఊరి పేరు బట్టకు మిగిలింది. నేసినవాడి పేరు మాత్రం మిగల్లేదు. వాడు ఏ జబ్బుతో పోయాడో ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. ఆ లెక్క మనమే రాసుకోవాలి.

ఈ వైరస్ ఏమిటి?

హెచ్.పి.వి. అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. చేతి మీద, కాలి మీద లేచే పులిపిర్లు ఈ కుటుంబంలోని కొన్ని రకాల వల్లనే వస్తాయి. చాలా రకాలు ప్రమాదం లేనివి. కొన్ని మాత్రం క్యాన్సర్‌కు దారి తీస్తాయి. వాటిలో పెద్దది 16వ రకం. 1983లో ఆ రకాన్ని బయటపెట్టిన పరిశోధక బృందానికి నాయకుడు జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్. ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఈ వైరసే కారణమని చూపినందుకు 2008లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

అదే 16వ రకం గొంతులో, టాన్సిళ్ల దగ్గర, నాలుక మొదట్లో కూడా క్యాన్సర్ తేగలదు. అక్కడికి ఎలా చేరుతుంది? ముఖ్యంగా లైంగిక సంపర్కం ద్వారా, అందులోనూ నోటితో జరిగే సంపర్కం ద్వారా. ఈ మాట సభలో చెప్పడానికి మనకూ కొంచెం బెరుకుగానే ఉంది. చెప్పకపోతే ఏం జరిగిందో ఇంతకు ముందే చూశాం కాబట్టి చెబుతున్నాం.

దీనితోపాటు రెండు మాటలు గుర్తు పెట్టుకోండి. ఒకటి, ఒకే గ్లాసులో టీ తాగితే, ఒక కంచంలో తింటే, పక్క మగ్గం మీద పనిచేస్తే ఇది అంటుకుంటుందనడానికి ఆధారం లేదు. రెండు, వైరస్ ఇవాళ కనబడితే నిన్న వచ్చిందని కాదు. వైరస్ చేరిన తరువాత క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లూ పూళ్లూ, చాలాసార్లు పదేళ్లు దాటి పడుతుంది. పెళ్లికి ముందు వచ్చిందో తరువాత వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. కాబట్టి పరీక్ష కాగితం పట్టుకుని మొగుడు పెళ్లాన్ని గాని, పెళ్లాం మొగుణ్ణి గాని నిలదీయడం అన్యాయం. వీధికి ఆ హక్కు అసలే లేదు.

వచ్చినవన్నీ ఉండవు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వైరస్ నోట్లో చేరిన ప్రతివాడికీ క్యాన్సర్ రాదు. చాలామందిలో వచ్చిన వైరస్ వచ్చినట్టే పోతుంది. ఒంట్లో ఉన్న రోగనిరోధక శక్తి దాన్ని ఊడ్చేస్తుంది.

దీనికి లెక్కలున్నాయి. అమెరికా, బ్రెజిల్, మెక్సికో దేశాల్లో 1,626 మంది మగవాళ్ల నోటిని కొన్నేళ్లపాటు పదేపదే పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. మొదటి 12 నెలల్లో కొత్తగా ఏదో ఒక రకం హెచ్.పి.వి. వచ్చినవారు 4.4 శాతం. ప్రమాదకరమైన 16వ రకం వచ్చినవారు 0.6 శాతమే. వచ్చిన వైరస్ ఎంతకాలం ఉంది? సగం మందిలో సుమారు 7 నెలల్లోపే పోయింది. 16వ రకమైనా అంతే.

మరి ప్రమాదం ఎవరికి? వైరస్ పోకుండా తిష్ట వేసినవారికి. మన బ్లోరూము సంగతే తీసుకోండి. దూది పొట్టు ఎగరని రోజు లేదు. ప్రతి షిఫ్టులో ఊడిస్తే పోతుంది. పొట్టు మరీ ఎక్కువగా రాలినా, ఊడ్చే చేతులు చాలకపోయినా మూలమూలలా పేరుకుంటుంది. ఆ తరువాత ఒక్క నిప్పురవ్వ చాలు. నోట్లో కూడా ఈ రెండే చూడాలి. వైరస్ ఎంత ఉంది? ఊడ్చే శక్తి ఎంత ఉంది?

ఎంత ఉందో దాన్నే డాక్టర్లు వైరల్ లోడ్ అంటారు, అంటే వైరస్ మోతాదు. ఉప్పునీళ్లో మందునీళ్లో ఇచ్చి, పుక్కిలించి గొంతులో గరగరలాడించి ఉమ్మమంటారు. అందులో రాలిన కణాల్లో వైరస్ ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. పరిశోధనల్లో తేలిందేమిటంటే, మొదటి పరీక్షలో మోతాదు ఎక్కువగా ఉన్నవారిలో తరువాతి పరీక్షల్లో కూడా అదే వైరస్ కనబడే అవకాశం ఎక్కువ. మోతాదు తక్కువగా ఉన్నవారిలో అది తొందరగా మాయమయ్యే అవకాశం ఎక్కువ. వయసు పెరిగినకొద్దీ 16వ రకం ఎక్కువకాలం నిలవడం కూడా కనబడింది. హెచ్.ఐ.వి. ఉండి రోగనిరోధక శక్తి తగ్గినవారిలో నోటి హెచ్.పి.వి. ఎక్కువగా కనబడుతుంది.

తిష్ట వేస్తే ఏం చేస్తుంది? పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగడానికి స్టాప్ మోషన్ ఉంటుంది కదా. మన ఒంట్లోని ప్రతి కణంలోనూ అలాంటి ఏర్పాటు ఉంది. కణంలో తప్పు జరిగితే, సరిచేసేదాకా కణం పెరగకుండా ఆపుతుంది. ఈ వైరస్ తయారుచేసే రెండు పదార్థాలు సరిగ్గా ఆ ఏర్పాటునే చెడగొడతాయి. స్టాప్ మోషన్ పాడైన మగ్గం తెగిన పోగులతోనే నేస్తూ పోతుంది. బట్ట ఎలా తయారవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. నెలలకొద్దీ, ఏళ్లకొద్దీ అలా నడిస్తే ఆ పాడుబట్టే క్యాన్సర్.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక్కసారి మోతాదు ఎక్కువ వచ్చిందంటే క్యాన్సర్ ఉందని కాదు. తక్కువ వచ్చిందంటే భయమే లేదనీ కాదు. టాన్సిల్ లోపల సన్నని గుంటలుంటాయి. పుక్కిలింత అక్కడిదాకా పోకపోవచ్చు. అందుకే జబ్బు లక్షణాలు లేనివారికి నోటి హెచ్.పి.వి. పరీక్ష చేయించాలని ఏ వైద్య శాస్త్ర నియమమూ చెప్పడం లేదు. ఇది ఇప్పటికీ పరిశోధనకు పనికొచ్చే పరీక్షే. ఎవరైనా క్యాంపు పెట్టి, మీ నోటి వైరస్ లెక్క చెబుతామని వేలు గుంజితే ఇవ్వకండి.

మన నోటికి మొదటి శత్రువు

అమెరికాలో గొంతు భాగంలో వచ్చే క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఈ వైరస్ వల్లనే అంటున్నారు. మన దగ్గర పరిస్థితి వేరు. మన దేశంలో 2022లో కొత్తగా నోటి క్యాన్సర్ వచ్చినవారు సుమారు 1,43,000 మంది అని అంచనా. అందులో ఎక్కువ భాగానికి కారణం వైరస్ కాదు. పొగాకు, వక్క.

మిల్లు కార్మికులకు ఇది ఎందుకు అలవాటయిందో మనకు తెలుసు. దూది ఉన్నచోట బీడీ వెలిగించకూడదు. వెలిగిస్తే మిల్లు తగలబడుతుంది. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవాలి. కాబట్టి నోట్లో కాస్త పొగాకు, బుగ్గన గుట్కా. మగ్గం ఆపకుండానే పని అయిపోతుంది. అంటే ఇది కేవలం మనిషి బలహీనత కాదు. పనిగంటల్లోంచి పుట్టిన అలవాటు. అందుకే బుద్ధిమాటలు చెప్పి ఊరుకుంటే పోదు.

శ్రీకాకుళం, విశాఖ తీరంలో మన ఆడవాళ్లు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగేవారు. దాన్ని అడ్డపొగ అంటారు. అక్కడ అంగిలి క్యాన్సర్లు ఎందుకు అంత ఎక్కువో 1970ల నాటికే డాక్టర్లు లెక్క తేల్చారు. ఆ నిప్పు, ఆ పొగ రెండూ అంగిలిని కాల్చాయి. ఉత్త వక్క కూడా క్యాన్సర్ కారకమేనని 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిపుణులు తేల్చారు. పొగాకు లేని ఆకువక్క మంచిదే అనుకునే పెద్దవాళ్లకు ఈ మాట చెప్పండి.

పొగాకుకూ వైరస్‌కూ సంబంధం లేదా? ఉంది. 2009, 2010 సంవత్సరాల్లో అమెరికాలో జరిపిన పరీక్షల్లో 100 మందిలో దాదాపు 7గురి నోట్లో హెచ్.పి.వి. కనబడింది. మగవాళ్లలో 10 శాతం, ఆడవాళ్లలో 3.6 శాతం. రోజుకు తాగే సిగరెట్లు పెరిగినకొద్దీ వైరస్ కనబడటమూ పెరిగింది. ఇందాక ఊడ్చే చేతులన్నాం. పొగ ఆ చేతులను బలహీనపరుస్తుందని శాస్త్రవేత్తల అనుమానం.

మన సోదరుడికి పనికొచ్చే మాట కూడా ఒకటుంది. 2010లో ప్రకటించిన ఒక పరిశోధనలో, చికిత్స పొందిన గొంతు క్యాన్సర్ రోగుల్లో వైరస్ ఉన్నవారు మూడేళ్ల తరువాత 82.4 శాతం బతికి ఉన్నారు. వైరస్ లేనివారు 57.1 శాతమే. వైరస్ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్ చికిత్సకు బాగా లొంగుతుంది. పొగాకు అలవాటు ఎక్కువైనకొద్దీ ఆ మేలు తగ్గుతుంది. అంటే వీధి ఏ మాట పట్టుకుని ఆయనను వెలివేసిందో, డాక్టరు ఆ మాట విని ఆశ పెట్టుకున్నాడు. ఇవాళ ఆయన రేడియేషన్‌కు పోతున్నాడు. పక్కన ఎప్పుడూ మనలో ఒకరు ఉంటున్నారు.

టీకా ఉంది, ఖమ్మం పాఠమూ ఉంది

ఈ వైరస్‌కు టీకా ఉంది. కోస్టారికా దేశంలో ఈ టీకా వేసుకున్న, వేసుకోని యువతుల నోటిని నాలుగేళ్ల తరువాత పరీక్షించారు. టీకా వేసుకోనివారిలో 15 మంది నోట్లో 16, 18 రకాలు కనబడితే, వేసుకున్నవారిలో ఒక్కరికే కనబడింది. ఆ ఫలితం 2013లో వచ్చింది. మన దేశంలోనే పూనాలో తయారైన టీకాకు 2022లో అనుమతి వచ్చింది. 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకా వేయిస్తామని తమిళనాడు ప్రభుత్వం 2025 మార్చి బడ్జెట్‌లో ప్రకటించింది. అయితే టీకా ముందుగా పడాలి. ఇప్పటికే తిష్ట వేసిన వైరస్‌ను అది వెళ్లగొట్టదు. అందుకే పిల్లల వయసులోనే వేస్తారు.

టీకా మాట వస్తే తెలుగువాళ్లం ఖమ్మం మరిచిపోకూడదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, సుమారు 14,000 మందికి, ఈ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. పాత్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. పిల్లల్లో ఎక్కువమంది పేదలు, గిరిజనులు, హాస్టళ్లలో ఉండేవారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనబడటం లేదని ప్రభుత్వ విచారణ కమిటీ చెప్పింది. కాని అనుమతి పత్రాలు చూస్తే గుండె మండుతుంది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టిన లెక్క ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. కన్నవాళ్లు కాదు.

దీన్నుంచి మనం నేర్చుకోవలసింది టీకా వద్దని కాదు. మనకు చెప్పకుండా, మన భాషలో వివరించకుండా, మన సంతకం ఇంకొకరు పెట్టకూడదని. మంచి మందు కూడా చాటుగా వేస్తే విషమన్న అనుమానం పుడుతుంది. ఆ అనుమానంతో రేపు ఎంతమంది పిల్లలు టీకాకు దూరమవుతారో ఆలోచించండి. అడగండి, తెలుసుకోండి, ఆ తరువాత వేయించండి.

ఇక మనం చేయవలసింది

ఖరీదైన యంత్రాలు లేకుండానే ప్రాణాలు నిలపవచ్చని మన పక్క రాష్ట్రం చూపింది. కేరళలో తిరువనంతపురం దగ్గర 1996లో ఒక పని మొదలుపెట్టారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి, నోరు తెరిపించి, వెలుతురులో చూశారు. అంతే. 2005లో ఫలితం ప్రకటించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి.

కాబట్టి ప్రతి ఇంట్లో నెలకు ఒకసారి అద్దం ముందు నిలబడండి. టార్చిలైటు వేసి పెదవుల లోపల, బుగ్గల లోపల, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు ఉన్నాయా? మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకుంటున్నదా? మెడ రెండు పక్కలా తడిమి చూడండి. టాన్సిల్ వెనక ఉన్నది కంటికి కనబడకపోవచ్చు, మెడలో బిళ్ల మాత్రం చేతికి తగులుతుంది. నొప్పి లేని బిళ్లనే ఎక్కువ అనుమానించండి. పుండు గాని, బిళ్ల గాని, గొంతు బొంగురు గాని, మింగడంలో ఇబ్బంది గాని మూడు వారాలు దాటితే డాక్టరు దగ్గరికి పోవాలి. దుమ్ము వల్ల వచ్చిన గరగర సెలవు రోజుల్లో తగ్గుతుంది. ఇది తగ్గదు.

ఎక్కడికి పోవాలి అంటే, మద్రాసు దగ్గరలోనే ఉంది. అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. క్యాన్సర్‌తో చెల్లెలిని పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదలతో 1954లో 12 పడకలతో మొదలైన ఆసుపత్రి అది. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి కూడా ఉంది. ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారికి ఒక హక్కు ఉంది. దీర్ఘకాల జబ్బుల జాబితాలో క్యాన్సర్ ఉంది కాబట్టి, కావలసిన సర్వీసు, చందా రోజులు ఉన్నవారికి రెండేళ్ల వరకు కూలిలో 80 శాతం భత్యంగా వస్తుంది. జబ్బు అని తెలియగానే పని మానేసి, ఖాతా తీసేయమని రాసి ఇవ్వకండి. ముందు యూనియన్ ఆఫీసుకు రండి.

మరి పళ్లిపట్టు, పొదటూరుపేట, తిరుత్తణి వైపు మరమగ్గాల మీద ఏ కార్డూ లేకుండా పనిచేసే మనవాళ్ల సంగతి? వాళ్లకోసమే ఈ డిమాండ్లు. మిల్లులోనూ, మరమగ్గాల షెడ్లలోనూ పనిచేసే ప్రతివారికీ ఏడాదికొకసారి నోటి పరీక్ష జరగాలి. రాత్రి షిఫ్టులో మధ్యలో టీ విరామం ఉండాలి. పొగాకు మానదలచినవారికి సాయం అందాలి. షెడ్డుల్లో పనిచేసేవారికి కూడా ఈ.ఎస్.ఐ. రావాలి. పరీక్ష ఫలితం కార్మికుడికి తప్ప మేస్త్రీకి గాని, యాజమాన్యానికి గాని తెలియకూడదు. టీకా గాని, పరీక్ష గాని మన భాషలో చెప్పి, మన సంతకంతోనే జరగాలి.

ఒక డిమాండు మాత్రం ఎవరినో కాదు, మనల్ని మనమే అడుగుతున్నాం. వైరస్ వస్తుంది, చాలామందిలో పోతుంది, కొందరిలో తిష్ట వేస్తుంది. అందులో తప్పొప్పుల లెక్క లేదు. కాని వీధిలో ఒక మాట తిష్ట వేస్తే దాన్ని ఊడ్చే రోగనిరోధక శక్తి మనమే. ఈ సభ అయిపోయాక ఆయన రేడియేషన్ నుంచి వస్తాడు. గొంతు మండుతుంటుంది, వేడి టీ తాగలేడు. చల్లారిన టీ పోసి ఇవ్వండి. పక్కన కూర్చోండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!